గీతలు చదివిన వాల్తేరు

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఇవాళ నిలబడి తలెత్తితే ఆకాశం కంటే తీగలూ బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు అక్కడే సొంత డబ్బుతో ఒక వేధశాల కట్టించుకున్నాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు అక్కడి దూరదర్శినికి దుమ్ము పట్టనివ్వలేదు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటుతుంటే విశాఖలోనే చూసి లెక్కలు రాసుకున్నాడు. ఊళ్లో మిసెస్ ఏవీఎన్ కాలేజీ పేరులోని మూడక్షరాలు ఆయనవే. పేరు ముందున్న ‘మిసెస్’, విరాళమిచ్చిన ఆయన భార్యది.

మామా అల్లుళ్లు కొలిచింది స్థానాన్నీ కాలాన్నీ. ఏ గ్రహం ఎప్పుడు ఎక్కడుందో దూరదర్శిని చెబుతుంది. సూర్యుడు దేంతో తయారయ్యాడని అడిగితే మాత్రం దాని దగ్గర జవాబు లేదు. అందుకు కాంతిని పట్టకంలోంచి పంపించాలి. 1814లో జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ ఆ పని చేసి, సూర్యుడి రంగుల పట్టీలో వందల కొద్దీ నల్లటి గీతలు చూశాడు. అవేమిటో ఆయనకు తెలియలేదు. మరో 45 ఏళ్లకు కిర్కాఫ్, బున్సెన్ తేల్చారు: ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి, ఒకదానివి మరొకదానికి రావు.

ఈ కథలో తెలుగు నేల తొమ్మిదేళ్లకే కనిపిస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ గుంటూరు, బందరుల మీదుగా సాగింది. గుంటూరులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్, బందరులో మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ వర్ణపటదర్శినులు బిగించుకుని కూర్చున్నారు. ఐదు నిమిషాలకు పైగా చీకటి. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిలో ఒక పసుపు గీత. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ గీత పక్కనే ఉంది, కానీ అక్కడ లేదు. 587.6 దగ్గర ఉంది. అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, ఇది భూమ్మీద ఎవరూ ఎరగని మూలకమన్నాడు. హీలియం. రామ్సే దాన్ని భూమ్మీద ఒక ఖనిజంలో పట్టుకునేసరికి 1895 వచ్చింది. గుంటూరంటే మిరపకాయలే గుర్తొస్తాయి గానీ, హీలియం చరిత్ర రాయబోతే ముందు ఆ ఊరిపేరే రాయాలి.

అయితే మూలకానికో గీతల వరస అని తెలుసుకోవడం వేరు, ఎందుకలా అని అడగడం వేరు. 1885లో బామర్ అనే స్విస్ బడిపంతులు హైడ్రోజన్ గీతలు 656.3, 486.1, 434.0, 410.2 నానోమీటర్లను ఒక చిన్న సూత్రంలో ఇమిడ్చాడు. లెక్క కుదిరింది, కారణం మాత్రం దొరకలేదు. 1913లో నీల్స్ బోర్ కారణం చెప్పాడు. పరమాణువులో ఎలక్ట్రాన్‌కు కొన్ని శక్తి మెట్లే అనుమతి, మధ్యలో నిలబడే వీల్లేదు. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినప్పుడు ఆ తేడా ఎంతో అంత శక్తి గల ఒక్క కాంతికణం బయటికొస్తుంది. అదే గీత.

వినడానికి బాగుంది, కానీ నమ్మడమెలా? ఇక్కడ మళ్లీ హీలియమే అడ్డొచ్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ అనే గీతల పండితుడు ఉండేవాడు. 1912లో హైడ్రోజన్, హీలియం కలిపిన గొట్టంలో విద్యుత్తు పంపి కొన్ని కొత్త గీతలు పట్టాడు, అవి హైడ్రోజన్‌వే అనుకున్నాడు. కాదు, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హీలియంవి అన్నాడు బోర్. ఆ లెక్కన హీలియం, హైడ్రోజన్ గీతల సూత్రాల్లో వచ్చే స్థిరాంకాల నిష్పత్తి సరిగ్గా 4 రావాలి. ఫౌలర్ తన కొలతలు చూసి, 4 కాదు, 4.0016 వస్తోందని పట్టుబట్టాడు. పదివేలలో పదహారు! ఇంకొకరైతే కొలతలో పొరపాటని దాటేసేవారు. బోర్ దాటేయలేదు. కేంద్రకం కదలకుండా ఉంటుందనుకోవడమే తన పొరపాటని గుర్తించాడు. ఎలక్ట్రాన్ తిరుగుతుంటే కేంద్రకం కూడా కాస్త ఊగుతుంది, బరువైన హీలియం కేంద్రకం తక్కువ ఊగుతుంది. ఆ సవరణతో లెక్క వేస్తే 4.00163 వచ్చింది. ఫౌలర్ ఒప్పుకున్నాడు. క్వాంటం సిద్ధాంతం గురించి మనం వినే పిల్లులూ పెట్టెలూ అన్నిటికంటే నాకీ నాలుగో దశాంశ స్థానం మీద గౌరవం ఎక్కువ.

ఈ ఫౌలర్ ప్రయోగశాలకే 1920లలో కలకత్తా నుంచి భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా వెళ్లాడు, ఆ తర్వాత మన కొచ్చర్లకోట రంగధామరావు వెళ్లాడు. 1898లో బరంపురంలో పుట్టిన రంగధామరావు లండన్‌లో నేర్చుకున్నది ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువుల గీతలు చదవడం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు కొండల మీదికి చేరింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలిస్తే సైన్సు కాలేజీ నిలదొక్కుకుంది. కింద హార్బరు తెరుచుకుని 1933లో ‘జలదుర్గ’ ఓడ లోపలికొచ్చిన రోజుల్లోనే పైన రంగధామరావు స్పెక్ట్రోస్కోపీ ప్రయోగశాల నడుస్తోంది.

అక్కడ జరిగే పని దూరం నుంచి చూస్తే ఎవరికైనా విసుగే. రెండు కడ్డీల మధ్య మెరుపు పుట్టిస్తారు. ఆ వెలుగు సన్నని చీలికలోంచి పట్టకానికో, గీతల పలకకో తగిలి విడిపోయి, గాజు ఫోటో ప్లేటు మీద వందల గీతలుగా పడుతుంది. పక్కనే కొలబద్దగా ఇనుము గీతలు పడేలా చూసుకుంటారు, ఎందుకంటే ఇనుముకు గీతలు లెక్కకు మించి ఉంటాయి, వాటి స్థానాలన్నీ ముందే కొలిచి పెట్టినవి. చీకటి గదిలో ప్లేటు కడిగి ఆరబెట్టి, కంపారేటర్ కింద పెట్టి, మర తిప్పుతూ ఒక్కో గీతనూ దారపు గుర్తుకు కలిపి, మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా అంకె రాసుకోవాలి. కళ్లు లాగేస్తాయి. ఇదంతా అయ్యాక అసలు పని మొదలు.

సోడియంతో చెబితే తేలిక. పసుపు జంట చెప్పుకున్నాం. నారింజ రంగులో ఇంకో జంట 615.4, 616.1 దగ్గర, ఆకుపచ్చకు దగ్గరగా మరో జంట 568.3, 568.8 దగ్గర ఉంటాయి. నానోమీటర్లలో ఈ జంటల ఎడాలు ఒకదానితో ఒకటి కలవవు. సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో ఆ లెక్కలోకి మార్చండి. మూడు జంటల్లోనూ ఎడం 17.2. అంటే మూడింటికీ ఉమ్మడిగా ఒక మెట్టు ఉంది, ఆ మెట్టే రెండుగా చీలి ఉంది. దాన్ని చీల్చింది ఎలక్ట్రాన్‌కున్న స్పిన్ అనే సహజ భ్రమణ గుణం. 1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ దాన్ని ప్రతిపాదించింది ఇలాంటి గీతలు చూసే. సోడియంకు పైన ఒక్క ఎలక్ట్రానే కాబట్టి సులువు. రంగధామరావు చేపట్టిన ఆర్సెనిక్, సెలీనియం లాంటివాటిలో ఐదారు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. వందల అంకెల్లో ప్రతిదాన్నీ ప్రతిదాంట్లోంచి తీసేసి, ఏ తేడా మళ్లీ మళ్లీ వస్తోందో వెతకాలి, అదీ కంప్యూటర్లు లేని రోజుల్లో.

వాల్తేరుకు 1932లో ఇంకొకరు వచ్చారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరిన సూరి భగవంతం. రామన్ కూడా విశాఖకు కొత్తవాడు కాదు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, కొడుకు సెయింట్ అలోషియస్ బడిలో చదివి పదకొండో ఏట మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. విశాఖ సముద్రపు నీలం చూసే ఆయనకు కాంతి మీద ధ్యాస పుట్టిందని చెప్పుకోవాలని మనకు ఆశగా ఉంటుంది గానీ, సముద్రం ఎందుకు నీలమన్న ప్రశ్న పుట్టింది 1921లో మధ్యధరా సముద్రంలో, ఓడ మీద.

రామన్, భగవంతం కలిసి 1931లో కలకత్తాలో చేసిన పనికి పాఠ్యపుస్తకాల్లో రావలసినంత చోటు రాలేదు. ఎలక్ట్రాన్‌కు స్పిన్ ఉంటే కాంతికణానికి? సత్యేంద్రనాథ్ బోస్ 1924లోనే ఆ దిశగా ఆలోచించాడు. వీళ్లిద్దరూ పదార్థం వెదజల్లిన కాంతిలో ధ్రువణం ఎంత చెదిరిందో కొలిచి, కాంతికణానికీ స్వతహాగా స్పిన్ ఉందని వాదించారు. కాంతి ఒక వస్తువును నిజంగా మెలితిప్పుతుందని బెత్ అమెరికాలో సన్నని తీగకు వేలాడదీసిన స్ఫటికపు బిళ్లతో నేరుగా చూపించింది 1936లో. మనవాళ్లది పరోక్ష సాక్ష్యమే. కానీ ఐదేళ్లు ముందుది.

వాల్తేరులో భగవంతం దృష్టి గీతలను కొలవడం మీది నుంచి, ఎన్ని గీతలు రావాలో ముందే చెప్పడం మీదికి మళ్లింది. గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతం మీద ఆయన రాసిన పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయమే 1948లో అచ్చేసింది. అందులోని పద్ధతితో బెంజీన్ అణువును తీసుకుంటే, దాని సౌష్ఠవం ఒక్కటే చాలు: 20 రకాల కంపనాల్లో వెదజల్లిన కాంతిని చూసే రామన్ వర్ణపటంలో కనిపించేవి 7, పరారుణంలో కనిపించేవి 4, రెండింట్లోనూ కనిపించేది ఒక్కటీ ఉండదు. దీపం వెలిగించకముందే జవాబు చేతికొస్తుంది.

మూడో మనిషిది నవలకు తగిన జీవితం. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, ఇల్లొదిలి యోగసాధన చేసి స్వామి జ్ఞానానందగా మారి, జర్మనీ వెళ్లి సాపేక్షతా సిద్ధాంతం మీద మనసు పారేసుకున్నాడు. ప్రాగ్‌లో ఎక్స్‌రే గీతల మీద, లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశాడు. ఎక్స్‌రే గీతలు వచ్చేది పరమాణువు లోలోపలి మెట్ల నుంచి. 1956లో ఆయన చేతుల మీదుగా వాల్తేరులో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం మొదలైంది.

ఈ గీతలు రోజూ పనికొచ్చే విశాఖ ఉక్కు కర్మాగారం తర్వాతి కథ. 1966 ఉద్యమం, 1971లో శంకుస్థాపన, 1992 ఆగస్టులో జాతికి అంకితం, ఇవన్నీ విశాఖలో పసిపిల్లలకూ తెలుసు. దాని లోపల గీతల సంగతి తక్కువమందికి తెలుసు. పెద్ద ఉక్కు కర్మాగారాల్లో కన్వర్టర్‌లో వంద టన్నులకు పైగా కరిగిన లోహం, అంటే ఒక ‘హీట్’, 1,650 డిగ్రీల దగ్గర కాచుకుని ఉంటుంది. అందులోంచి చిన్న శాంపిల్ తీసి చల్లార్చి ల్యాబ్‌కు పంపుతారు. దాని ముఖం నున్నగా రుద్ది, ఆర్గాన్ వాయువు ఊదుతూ నిప్పురవ్వ కొట్టిస్తారు. చిటపటమని శబ్దం, బిళ్ల మీద చిన్న కాలిన గుండ్రటి మచ్చ. అంతే, ఒకటి రెండు నిమిషాల్లో కర్బనమెంత, మాంగనీసెంత, గంధకమెంత అన్నీ తెర మీద.

కర్బనం గీత 193.1 నానోమీటర్ల దగ్గర, గంధకానిది 180.7, భాస్వరానిది 178.3. ఈ అతినీలలోహిత కిరణాలను గాలిలోని ఆక్సిజన్ మింగేస్తుంది, ఆర్గాన్ అందుకే. భాస్వరం ఎక్కువైతే ఉక్కు చలికి పెళుసెక్కుతుంది, గంధకం ఎక్కువైతే ఎర్రగా కాలినప్పుడు పగులుతుంది. అందుకే వాటి కోసం అంత అవస్థ. చాలా యంత్రాల్లో గీతల చివర ఫోటోమల్టిప్లయర్ గొట్టం ఉంటుంది. మెట్టు దిగిన ఎలక్ట్రాన్ విడిచిన కాంతికణం ఈ గొట్టంలో మరో ఎలక్ట్రాన్‌ను లోహంలోంచి ఊడగొడుతుంది. ఆ ఒక్కటీ లక్షలుగా పెరిగి అంకెగా మారుతుంది. కణానికి చాలినంత శక్తి లేకపోతే ఎంత ప్రకాశమైనా ఒక్క ఎలక్ట్రాన్ కూడా ఊడదు. 1905లో ఐన్‌స్టీన్ చెప్పింది ఇదే. చిట్టెం, ఖనిజం లాంటివాటికైతే జ్ఞానానంద తరహా ఎక్స్‌రే గీతలు వాడతారు.

నిప్పురవ్వకో లోపం ఉంది. పదార్థాన్ని పరమాణువులుగా కాల్చేస్తుంది కాబట్టి ఏది దేంతో కలిసి ఉందో చెప్పలేదు. తుప్పు విషయంలో ఆ సంగతే ముఖ్యం. తుప్పంతా ఒకటి కాదు: గోథైట్, లెపిడోక్రోసైట్, మాగ్నెటైట్, అన్నిట్లోనూ ఇనుమూ ఆక్సిజనూ ఉంటాయి. వాటిని విడదీసి చూపించేది రామన్ వర్ణపటం, ఎందుకంటే అది చూసేది అణువులు ఊగే తీరు. సముద్రపు గాలి తగిలే చోట్ల క్లోరైడ్ చేరి ఏర్పడే అకాగనైట్ గీతలు అందులో కనిపించాయంటే, ఆ ఇనుముకు వెంటనే రంగు వేసి లాభం లేదు, ముందు ఉప్పు పూర్తిగా కడిగేయాలి.