పాత వేదికలు, తెలుగు అక్షరము: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఒక అధ్యాయము

గౌతమీ తీరమున సుమారు ముప్పది చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల యానాము 1954 జూన్ 13వ తేదీన ఫ్రెంచి పాలన నుండి విముక్తమైనది. ఆ సంవత్సరము నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వ హస్తగతమైనను, శాసనరీత్యా విలీనము 1962 ఆగస్టు 16 నాటికి గాని పూర్తి కాలేదు. ఆ పరివర్తన కాలమున శాసనకర్తలు ఒక మెలకువ చూపిరి. అంతవరకు అమలులో నున్న చట్టములు, సవరింపబడువరకు గాని రద్దగువరకు గాని, కొనసాగునని 1962 నాటి పాండిచ్చేరి పరిపాలనా చట్టము విధించినది. పాలన మారినంత మాత్రమున పాత దస్తావేజు చెల్లని కాగితము కారాదు.

ఇట్టి సమస్యయే గత మూడు దశాబ్దములలో తెలుగు లిపికి కంప్యూటర్ల లోకమున ఎదురైనది. అచ్చట మారునది ప్రభుత్వము కాదు, వేదిక. ఏ కార్యక్రమమైనను తనంతట తాను నడువదు. విండోస్, లినక్స్ వంటి నిర్వహణ వ్యవస్థయో, జావా వంటి భాషా వ్యవస్థయో, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజరో దానికి ఆధారము. ఆ ఆధారమునకే వేదిక యని పేరు. వేదికను నిర్మించువారు కొన్నియేండ్ల కొకసారి దానిని మార్చుచుందురు. అప్పుడు పాత వేదికపై నున్న పాఠకుని గతి యేమి, పాత వేదికకై వ్రాసిన కార్యక్రమము గతి యేమి? ఈ రెండు ప్రశ్నలకు తెలుగువారు కనుగొనిన సమాధానములే ఈ వ్యాస విషయము.

తొలి సమాధానము అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున పుట్టినది. 1990 దశకపు తొలినాళ్ళలో అచ్చటి తెలుగు విద్యార్థులు, తెలుగు పలుకును ఆంగ్లాక్షరములతో నియమబద్ధముగా వ్రాయు పద్ధతి నొకదానిని ఏర్పరచిరి. అదియే ఆర్‌టీఎస్. ఆనాటి యంత్రములలో తెలుగు అక్షరము కనబడు వీలు సామాన్యముగా లేదు. ఆంగ్లాక్షరము కనబడని యంత్రము మాత్రము లేదు. అన్నిటికంటె తక్కువ మెట్టును ఆధారముగా గొనుటచేత ఆ పద్ధతి ఏ వేదిక మారినను చెడలేదు. నేటికిని పలువురు తెలుగును ఆ తీరుననే టైపు చేయుచున్నారు.

1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణమున తెలుగునకు 128 స్థానముల గడి కేటాయింపబడినది. కాని ప్రమాణము వేరు, వాడుక వేరు. విండోస్ 2000లో దేవనాగరి, తమిళ లిపులకు ఏర్పాటున్నను తెలుగునకు లేదు. అనగా యానాము చేరియున్న కేంద్రపాలిత ప్రాంతపు భాషలలో తమిళమునకు ద్వారము తెరువబడి, తెలుగు వెలుపల నిలిచినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ఆ కొరత తీరినది. అందలి తెలుగు ఫాంటు పేరు గౌతమి యగుట యానాము వారికి ముచ్చట గొలుపు విషయము. అయినను వినియోగదారుడు సంక్లిష్ట లిపుల ఏర్పాటును ప్రత్యేకముగా చేర్చుకొనిన గాని అక్షరములు గుణింతముతో కుదురుగా కనబడెడివి కావు.

ఈలోపల ఈనాడు, వార్త మొదలగు పత్రికలు తమ తమ సొంత ఫాంటులతో వెబ్‌లో వెలువడినవి. ఒక పత్రిక సంకేతము మరియొక పత్రికకు పొసగదు. ఫాంటు లేనిచో పుటయంతయు అర్థరహిత చిహ్నముల ప్రోగు. ఈ చిక్కును విడదీయుటకు వెన్న నాగార్జున ‘పద్మ’ యను ఉపకరణమును నిర్మించెను. ఇతడే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవాడు. పద్మ ఫైర్‌ఫాక్స్‌లో చేరి, పత్రికల సంకేతములను యూనికోడు తెలుగుగా మార్చి చూపెడిది. విన్నిపెగ్ నగరపు తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు స్వేచ్ఛా లైసెన్సుతో డెబియన్ సంకలనమున చేరుటయు ఈ కృషిలోని భాగమే.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు వెలువడినది. పద్మ ఏ విస్తరణ పద్ధతిపై కట్టబడెనో ఆ పద్ధతియే అందు తొలగింపబడినది. అయినను పద్మలోని విద్య నశింపలేదు. దాని సోర్సుకోడు బహిరంగమగుటచే, వీవెన్ అంతకు పూర్వమే దానిని గ్రహించి ‘లేఖిని’ యను వెబ్ పుటగా మలచియుండెను. ఆర్‌టీఎస్ పద్ధతిలో వ్రాసినది లేఖినిలో తెలుగై కనబడును. బ్రౌజర్ విస్తరణ పోయినను, అక్షరములను మార్చు సూత్రములు మరియొక వేదికపై నిలిచినవి. కోడు మూసియుంచిన కార్యక్రమమునకు ఈ పునర్జన్మ దుర్లభము.

పాత వేదికకై నిర్మించుట తలచినంత సులభము కాదు. జావా చరిత్రయందలి ఒక ఉదాహరణము దీనిని విశదము చేయును. 9వ కూర్పు పరికరములతో, 8వ కూర్పునకు సరిపడునట్లు గురి నిర్ణయించి నిర్మించిన కార్యక్రమములు కొన్ని 8వ కూర్పుపై నడువక ఆగిపోయినవి. కారణమేమన, బైట్‌బఫర్ అను తరగతిలోని ఫ్లిప్ అను పద్ధతి ఇచ్చు ఫలితపు రకము క్రొత్త గ్రంథాలయమున మారినది. వ్రాసినవాడు ఒక్క అక్షరమైనను మార్చకున్నను, నిర్మాణ సమయమున క్రొత్త గ్రంథాలయమునే చూచుటచే ఆ మార్పు కార్యక్రమమున దూరినది. లక్ష్యము పాతదని ప్రకటించిన చాలదు. పాత గ్రంథాలయమునే ఎదుట నుంచుకొని నిర్మింపవలెను. 9వ కూర్పుననే చేర్చబడిన రిలీజ్ అను ఆదేశము ఈ రెంటిని ఒక్కటిగా ముడివేసినది.

పాతదానిని మోయుటకు మూల్యమును కలదు. విండోస్ ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిలులో సామాన్యముగా నిలిచిపోయినవి. ఫైర్‌ఫాక్స్ సైతము 2018లో దానిని విడిచినది. కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు ప్రతి పాత కూర్పునందును పరీక్షింపలేరు. సవరణలు లేని యంత్రమును వాడుమనుట క్షేమమును కాదు. కావున ఎంతవరకు మోయవలెను, ఎచ్చట దింపవలెను అనునది దయతోబాటు వివేకమును కోరు ప్రశ్న.

ఈ విషయమున యూనికోడు సంస్థ చూపిన మార్గము గమనింపదగినది. ఒకమారు స్థానము పొందిన అక్షరమును కదల్పరాదు, తొలగింపరాదు అనునది 1996 నాటి 2.0 కూర్పు నుండి వర్తించు కట్టుబాటు. 2008లో ౘ, ౙ లును, 2014లో ఴ యును, 2021లో నకారపొల్లును తెలుగు గడిలో చేరినవి. పాత ఫాంటులలో అవి శూన్యపు చతురస్రములుగా కనబడవచ్చును. కాని పూర్వము వ్రాసిన ‘అమ్మ’ యను పదము నేడును అమ్మయే. క్రొత్తది చేరును; పాతది చెడదు.

తెలుగు అక్షరము యంత్రములలో నిలిచినది ఏ ఒక్క వేదిక బలముచేతను కాదు. అందరికి అందుబాటులో నున్న మెట్టు నుండి ఆరంభించుట, కోడును పదుగురి చేతిలో నుంచుట, పాత వ్రాతకు భంగము రానీయకుండుట: ఈ మూడింటిచేతనే నిలిచినది. చిన్న ప్రాంతముల తెలుగువారికి ఇది మరింత అవసరము. క్రొత్త యంత్రము కొనజాలని విద్యార్థి పాత యంత్రముపైననే తన భాషను చదువవలసియుండును. అతనిని తలచి నిర్మించినదే భాషకు నిజమైన సేవ.