కోరింగ మడ అడవి: తొలి కొలత

గోదావరి డెల్టాలోని కోరింగ మడ అడవుల్లో పూర్వం వంతులవారీగా చెట్లన్నీ నరికేవారు. నీడ పోయి బురద ఎండింది, నేల కుంగింది. పోటుకు వచ్చిన నీరు ఆటుకు వెనక్కి పోలేక నిలిచి, ఉప్పు పేరుకుంది. 1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆ నీటికి దారి చూపారు.

కాలువ లోతును నేల మట్టం నిర్ణయిస్తుంది. ఏ మొక్క బతుకుతుందో ఉప్పదనం నిర్ణయిస్తుంది. అందుకే తవ్వకానికి ముందే ఈ రెండింటినీ, ఒండ్రు రేణువుల పరిమాణాన్నీ కొలిచి నమోదు చేయాలి. ఈ లెక్క లేకుంటే తరువాతి మార్పును దేనితో పోలుస్తారు?

చరిత్ర విద్యార్థి ఇక్కడ ఒకటి గమనించాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆపై ఎగువ జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచాయి. కాబట్టి నేటి 'తొలి కొలత' సహజ నదిది కాదు, అప్పటికే మనిషి మార్చిన నదిది.