వాక్యూమ్ సీలర్ (ఇంటి వాడకం)

ప్లాస్టిక్ కవర్లో ఆహారం పెట్టి, లోపలి గాలిని పంపుతో లాగేసి, మూతిని వేడితో కరిగించి అతికించే యంత్రం వాక్యూమ్ సీలర్. ఇళ్లలో వాడే రకం 1980ల చివర్లో అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది. గాలి తీసి ఆహారం దాచాలన్న ఆలోచన మాత్రం మూడు శతాబ్దాలకు పైబడినది. ఈ యంత్రం కొనేవారు పంపు బలం, కవరు వెడల్పు చూసుకునే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. గాలి తీసినంత మాత్రాన ఆహారంలోని సూక్ష్మజీవులు చావవు. శాస్త్రవేత్తలకే ఈ సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది.

గాలి మీద అనుమానం

జర్మనీలోని మాగ్డెబర్గ్‌కు చెందిన ఆటో ఫాన్ గెరికే 1650 ప్రాంతంలో గాలి పంపు తయారుచేశాడు. ఇంగ్లండ్‌లో రాబర్ట్ బాయిల్, రాబర్ట్ హుక్ దాన్ని మెరుగుపరిచారు. బాయిల్ దగ్గర పనిచేసిన ఫ్రెంచివాడు డెనిస్ పాపిన్, నేటి ప్రెషర్ కుక్కరుకు ఆద్యుడు, పండ్లనూ వండిన పదార్థాలనూ గాజు పాత్రల్లో పెట్టి గాలి తీసి నిల్వ చేసి చూశాడు. ఆహారం పాడవడానికి గాలే కారణమన్న నమ్మకం అలా బలపడింది.

1810లో ఫ్రెంచివాడు నికోలా అపేర్ తన నిల్వ పద్ధతిని పుస్తకంగా వెలువరించాడు. ఆహారాన్ని సీసాల్లో నింపి, బిరడా గట్టిగా బిగించి, మరిగే నీళ్లలో ఉంచడమే ఆ పద్ధతి. ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకులు బహుమానంగా ఇచ్చింది. ఆ సీసాలను పరిశీలించిన రసాయన శాస్త్రవేత్త గే లుసాక్ లోపల ఆక్సిజన్ లేదని గుర్తించి, నిల్వ ఉండడానికి అదే కారణమని తేల్చేశాడు. నిజానికి ఆహారాన్ని కాపాడింది మరిగే నీళ్ల వేడి. 1861లో లూయీ పాశ్చర్ గాలి లేకుండానే బతికే సూక్ష్మజీవులు ఉన్నాయని చూపించాక గే లుసాక్ వాదన నిలబడలేదు.

అయితే గాలి ఆడనివ్వకపోవడం వల్ల ప్రయోజనం లేదనుకోవడమూ పొరపాటే. తెలుగు పల్లెల్లో ధాన్యం దాచిన పాతరలే అందుకు సాక్ష్యం. మూసిన పాతరలో గింజలూ పురుగులూ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి, ఆ తర్వాత పురుగు బతకదు. పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగితే మనిషికీ ప్రాణాపాయమే. అందుకే కాసేపు గాలి ఆడనిచ్చి దిగేవారు. ఆవకాయ జాడీలో ముక్క మునిగేలా నూనె పోయడంలోనూ గాలిని దూరం పెట్టే ఉపాయం ఉంది. కాకపోతే అక్కడ అసలు కాపలా ఉప్పుది, పులుపుది.

డబ్బా నుంచి కవర్లోకి

వ్యాపారంలో శూన్యం మొదట రేకు డబ్బాల్లోకి ప్రవేశించింది. 1900లో శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన హిల్స్ బ్రదర్స్ సంస్థ కాఫీని గాలి తీసిన డబ్బాల్లో అమ్మడం మొదలుపెట్టింది. కవరు రావాలంటే గాలిని చొరనివ్వని ప్లాస్టిక్ కావాలి. మామూలు పాలిథిన్ నీటి తేమను ఆపుతుంది కానీ ఆక్సిజన్‌ను సరిగా ఆపలేదు. 1933లో డౌ కెమికల్ ప్రయోగశాలలో రాల్ఫ్ వైలీకి అనుకోకుండా దొరికిన పాలివినైలిడీన్ క్లోరైడ్ ఆ లోటు తీర్చింది. సరాన్ పేరుతో అది ప్రసిద్ధమైంది. తర్వాత రెండు మూడు ప్లాస్టిక్‌లను పొరలుగా కలిపే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఇళ్లలో వాడే కవర్లలోనూ అంతే. బయటి నైలాన్ పొర గాలిని ఆపుతుంది, లోపలి పాలిథిన్ పొర వేడికి కరిగి అతుక్కుంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మాంసం వ్యాపారం ఈ కవర్లను అందిపుచ్చుకుంది. 1961లో జర్మనీలో మొదలైన మల్టీవాక్ వంటి సంస్థలు పెద్ద యంత్రాలు తయారుచేశాయి. 1974లో ఫ్రాన్స్‌లోని రొయాన్‌లో, ట్రువాగ్రో సోదరుల హోటల్ కోసం జార్జ్ ప్రాలూ బాతు కాలేయాన్ని ప్లాస్టిక్‌లో సీలు చేసి తక్కువ వేడిలో వండి చూశాడు. సూ వీడ్ అనే ఈ వంట పద్ధతి ఆ తర్వాత వ్యాపించింది.

గాలి లేని చోట పెరిగే విషం

బెల్జియంలోని ఎల్లెజెల్ గ్రామంలో 1895లో ఒక అంత్యక్రియలకు వచ్చిన వాద్యబృందం ఊరవేసిన పంది మాంసం తిని జబ్బుపడింది. ముగ్గురు చనిపోయారు. శాస్త్రవేత్త ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసాన్ని పరీక్షించి, ఇప్పుడు క్లోస్ట్రిడియం బాట్యులినమ్ అని పిలిచే సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. ఆక్సిజన్ లేని చోటే అది పెరుగుతుంది, నరాలను స్తంభింపజేసే విషాన్ని తయారుచేస్తుంది. 1963లో అమెరికాలో గ్రేట్ లేక్స్ నుంచి వచ్చిన పొగబెట్టిన చేపల వాక్యూమ్ ప్యాకెట్లలో ఇదే విషం పుట్టి మరణాలు సంభవించాయి. ఆ ప్యాకెట్లు చల్లదనం లేకుండా దూరప్రయాణం చేశాయి. మామూలుగా చేప చెడితే కంపు కొడుతుంది, మనిషి పారేస్తాడు. ఆ కంపు పుట్టించే సూక్ష్మజీవులను శూన్యం అణచేస్తుంది, విషం పుట్టించేదానికి దారి ఇస్తుంది.

దుకాణంలో ఫ్రిజ్ బయటే ఉండే రెడీ టు ఈట్ కూరల ప్యాకెట్లను చూసి ఇంట్లోనూ అలాగే చేయవచ్చనుకోవడం అందుకే ప్రమాదం. 1968లో జపాన్‌లో ఒత్సుకా సంస్థ బోన్ కర్రీతో ఇలాంటి ప్యాకెట్లు అమ్మడం మొదలుపెట్టింది. మన దేశంలో మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల కోసం వీటిని అభివృద్ధి చేసింది. ఆ ప్యాకెట్లను సీలు చేశాక ఆవిరి పీడనంలో, సాధారణంగా 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఉడికిస్తారు. ఇంటి సీలర్ ఆ పని చేయదు. అందులో సీలు చేసిన పప్పు, కూర, మాంసం ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో ఉండాల్సిందే.

వంటింట్లోకి

1970లలో అమెరికన్ ఇళ్లలోకి వచ్చిన సీల్ ఎ మీల్ వంటి యంత్రాలు మూతి అతికించడం వరకే చేసేవి. గాలిని చేత్తో నొక్కి పంపాల్సి వచ్చేది. చవక పంపుతో గాలి లాగితే మరో చిక్కు వచ్చేది. నునుపైన రెండు పొరలు మూతి దగ్గరే ఒకదానికొకటి అంటుకుపోయి, అడుగున గాలి చిక్కుబడేది. హాన్స్ క్రిస్టెన్ దీనికి పరిష్కారం కనిపెట్టాడు. కవరు ఒక వైపు లోపలి ముఖాన్ని గళ్లు గళ్లుగా ఎత్తుపల్లాలు చేస్తే, పొరలు అంటుకున్నా ఆ సందుల్లోంచి గాలి బయటికి వస్తుంది. 1988లో ఆ కవరుకు అమెరికా పేటెంటు వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని టిలియా సంస్థ ఫుడ్‌సేవర్ పేరుతో ఈ యంత్రాన్ని టీవీ ప్రకటనల ద్వారా ఇంటింటికీ పరిచయం చేసింది. 2002లో ఆ సంస్థను కొన్న జార్డెన్, నిల్వ పచ్చళ్లకూ జామ్‌లకూ అమెరికన్లు తరతరాలుగా వాడే బాల్ గాజు సీసాలను అప్పట్లో తయారుచేసిన సంస్థే.

ఏది ఎంచుకోవాలి

ఇళ్లలో ఎక్కువగా కనిపించే రకంలో కవరు మూతి మాత్రమే యంత్రంలో ఉంటుంది. దీనికి గళ్ల కవరు తప్పనిసరి, అది ఖరీదు. రెండో రకం ఛాంబర్ యంత్రం. కవరు మొత్తాన్ని పెట్టెలో ఉంచి మూత వేస్తారు. లోపలా బయటా ఒకేసారి గాలి పోతుంది కాబట్టి పులుసు పైకి ఎగదన్నదు, చవకైన నునుపు కవర్లే సరిపోతాయి. బరువు, ధర ఎక్కువ. ఏ యంత్రంలోనైనా వేడి పదార్థం పెట్టకూడదు. పీడనం 30 మిల్లీబార్లకు దిగితే గది వేడిలోనే నీరు మరుగుతుంది, ఇక వేడి సాంబారు సంగతి చెప్పనక్కర్లేదు. మొదటి రకం కొన్నవారు పులుసు కూరలను గిన్నెలో గడ్డకట్టించి, ఆ గడ్డను సీలు చేసుకుంటే సరిపోతుంది.

పొడులు, బియ్యం, పప్పులు, జీడిపప్పు దాచుకునేవారికి ఛాంబర్ యంత్రం అవసరం లేదు. కందిపొడి పంపులోకి పోకుండా పైన పల్చటి కాగితం మడిచి పెట్టాలి. మూతి దగ్గర పొడి కానీ నూనె కానీ అంటితే అతుకు నిలవదు. ఎండురొయ్యల మీసాలు, ఎండుమిరప తొడిమలు కవరును పొడుస్తాయి. గాలి పూర్తిగా పోయిన కవరు మీద చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో బరువు పడుతుంది, జంతికలు నుగ్గయిపోతాయి. కావలసినంత వరకే గాలి లాగి ఆపే పల్స్ బటన్ అందుకే చూసుకోవాలి. మన వంటకాలకు పంపు బలం కంటే అదే ఎక్కువ ఉపయోగం.

అమెరికా ప్రయాణాలకు పచ్చళ్ల దుకాణాలు చేసే వాక్యూమ్ ప్యాకింగ్ ప్రధానంగా సూట్‌కేసులో నూనె కారకుండా చేసే ఏర్పాటు. మాగాయ, ఆవకాయ వాటంతట అవే నిల్వ ఉంటాయి. ఆ దేశం నుంచి యంత్రం తెప్పించుకునేవారు వోల్టేజీ చూసుకోవాలి. అక్కడి 120 వోల్టుల యంత్రాన్ని ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. యంత్రంలో ముందుగా అరిగేవి మూత చుట్టూ ఉండే స్పాంజి గాస్కెట్, హీటింగ్ తీగ మీది టెఫ్లాన్ టేపు. ఈ రెండూ విడిగా దొరికే మోడల్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది.