సాయంత్రం దాకా చూద్దాం అనుకుంటే...

కాకినాడలోని ఆ ఇంటికి ల్యాబ్రడార్ కూన వచ్చి వారమైంది. రెండు నెలల వయసు. పేరు చిట్టి. శనివారం రాత్రి ముద్ద ముట్టలేదు. తెల్లారేసరికి వంటింటి గుమ్మం దగ్గర పసుపుపచ్చ నురగ కక్కి, నీళ్లలా విరేచనం చేసుకుంది.

"దిష్టి తగిలుంటుంది, ఉప్పు తిప్పి పడేస్తే సరి" అంది అత్తగారు.

"పాలు పడలేదేమో అత్తయ్యా" అంది కోడలు.

కోడలి మాట కొట్టిపారేసేది కాదు. తల్లిపాలు మానిన కూనల్లో చాలావాటికి గేదెపాలలోని లాక్టోజ్ అరగదు. మనవాళ్లేమో కూన ఇంట అడుగు పెట్టగానే ముందు పెట్టేది పాలూ బ్రెడ్డూ! తిండి ఉన్నట్టుండి మార్చినా, కడుపులో పురుగులున్నా, చెత్తబుట్టలోది తిన్నా పొట్ట చెడుతుంది. అయితే అలాంటి కూన ఒకటి రెండుసార్లు విరేచనం చేసుకున్నా ఆడుతుంది, నీళ్లు తాగుతుంది, చీపురు వెంట పడుతుంది. దాన్ని ఒక పూట కనిపెట్టి చూడొచ్చు.

చిట్టి పిలిస్తే తలెత్తలేదు. ఆ తేడాను ముందు పసిగట్టింది ఎనిమిదో తరగతి చదివే మనవడు.

తండ్రి అప్పటికే మందులషాపు నుంచి మనుషులకిచ్చే విరేచనాల బిళ్ల తెచ్చాడు. "పావు ముక్క వేస్తే కట్టేస్తుంది." ఈ పావుముక్క వైద్యం ఎంతమంది ఇళ్లలో నడుస్తోందో! పేగుల్లో రోగం ముదురుతుంటే విరేచనం ఆపడం మేలు కాదు, కీడే కావచ్చు. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలైతే కూనల కిడ్నీలనే దెబ్బతీస్తాయి. అదృష్టం, చిట్టి ఆ ముక్కను అక్కడే కక్కేసింది.

పది గంటలకు నాలుగో వాంతి. పట్టిన నీళ్లూ నిలవలేదు. పదకొండుకి విరేచనంలో నెత్తురు, ముక్కు మూసుకోవాల్సినంత కంపు.

"ఆదివారం డాక్టరెవరుంటార్రా? సాయంత్రం దాకా చూద్దాం."

కుర్రాడు మారు మాట్లాడలేదు. చిట్టిని తువ్వాలులో చుట్టుకుని వెళ్లి స్కూటర్ పక్కన నిలబడ్డాడు.

"టీకాలు వేయించారా?" క్లినిక్‌లో డాక్టరు మొదటి ప్రశ్న.

"ఒకటి వేశామన్నాడండీ, అమ్మినాయన." కాగితం మాత్రం లేదు.

డాక్టరు కూన పెదవి ఎత్తి చిగురు నొక్కి వదిలాడు. పాలిపోయిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. ఎర్రబడలేదు. మెడ దగ్గర చర్మం పట్టి లాగితే మడత అలాగే నిలిచింది. మలంతో చేసిన పరీక్షలో పట్టీ మీద రెండో గీత తేలింది. పార్వో.

1978 ప్రాంతంలో బయటపడి, చూస్తుండగానే ఖండాలు దాటిన వైరస్ ఇది. పేగుల లోపొరనీ, ఎముక మజ్జలో పుట్టే తెల్లకణాలనీ ఒకేసారి దెబ్బతీస్తుంది. చికిత్స అందని కూనల్లో ఎక్కువ చచ్చిపోతాయి, వేళకు సెలైన్ ఎక్కినవాటిలో ఎక్కువ బతుకుతాయి. పసికూన ఒంట్లో నీరూ చక్కెరా గంటల్లోనే పడిపోతాయి మరి.

"రేపు తెచ్చుంటేనండీ?" తండ్రి గొంతు తడారింది.

"పొద్దున్నే తెచ్చుంటే బావుండేది" అంటూనే డాక్టరు ముంగాలి మీద నరం వెతుకుతున్నాడు.

సెలైన్, వాంతులు ఆపే ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్స్. గురువారానికి ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం చెంచాడు నిలిచింది. ఇంటికి పంపుతూ డాక్టరు తండ్రికి ఇంకో పని అప్పజెప్పాడు. ఈ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కి లొంగదు. 30 పాళ్ల నీళ్లలో ఒక పాలు బ్లీచ్ ద్రావణం కలిపి గచ్చంతా తడిపి పది నిమిషాలు వదిలేయాలి. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టే టీకాల వరుస 16 వారాలు నిండేదాకా తెగకూడదు. మిగతా తేదీలను కోడలు అక్కడే కార్డు మీద రాయించుకుంది.