హల్ రేవు - ఒక అర్జీ కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా అర్జీలకు నంబర్లు వేసి, నోటు పెట్టి, పై అధికారికి పంపినవాణ్ణి. కనుక ఒక అర్జీ కథే రాస్తున్నాను. అది ఇంగ్లండు తూర్పు తీరాన హంబర్ నదీముఖం దగ్గరున్న హల్ రేవు కథ.

హల్ అనగానే ముందు చెప్పుకోవలసిన పేరు విలియం విల్బర్‌ఫోర్స్. 1759లో అక్కడే పుట్టి, 1780లో ఆ ఊరి తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యారు. బానిసల వ్యాపారం ఆపాలని ఎన్నోసార్లు ప్రతిపాదించి, ఓడి, చివరకు 1807లో చట్టం సాధించారు. బానిసత్వ రద్దు బిల్లు 1833 జులైలో కామన్స్ సభ దాటిన మూడు రోజులకే కన్నుమూశారు. ఆ చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడికి వర్తించలేదు. మన దేశానికి 1843లో వేరే చట్టం వచ్చింది.

రెండో పేరు లిలియన్ బిలోకా. ఆమె చేపల కార్ఖానాలో కూలి మనిషి. భర్త, కొడుకు సముద్రం మీద పనిచేసేవారు. 1968 జనవరి, ఫిబ్రవరి నెలల్లో హల్ నుంచి వెళ్ళిన మూడు చేపల ఓడలు మునిగి 58 మంది చనిపోయారు. వాటిలో ఒక ఓడ రేడియో ఆపరేటరు లేకుండానే బయలుదేరింది. బిలోకా, మరికొందరు ఆడవాళ్ళు కలిసి పదివేలకు పైగా సంతకాలు సేకరించి, లండన్ వెళ్ళి మంత్రులను కలిశారు. ప్రభుత్వం 88 భద్రతా చర్యలకు ఒప్పుకొంది. కానీ ఆమె ఉద్యోగం పోయింది, బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. 1988లో మరణించారు.

తరువాతి సంగతి మనబోటివారు తెలుసుకోదగ్గది. 1976లో ఐస్‌లాండ్ జలాల్లో వేట ఆగడంతో వేలమందికి పని పోయింది. "మీరంతా తాత్కాలిక కూలీలు" అని చెప్పి వారికి పరిహారం ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకోగా, 2000లో ప్రభుత్వం సర్వీసు ఏడాదికి 1,000 పౌండ్ల చొప్పున, 20,000 మించకుండా ఇస్తామంది. అందులోనూ మధ్యలో వేరే పని చేశారని కొందరి పాత సర్వీసు కొట్టివేశారు. మళ్ళీ అర్జీలు. 2007లో పార్లమెంటు అంబుడ్స్‌మన్ ఆ పథకాన్ని తప్పుపట్టగా, 2009లో కొత్త పథకం వచ్చింది. అప్పటికే చాలామంది పోయారు.

సర్వీసులో విరామం అన్న మాట బరువు నాకూ తెలుసు. నా సర్వీసు రిజిస్టరులో లేని విరామం ఒకటి రాశారు. దాన్ని సరిచేయించుకోడానికి రెండేళ్ళు తిరిగాను. కాబట్టి తోటి సభ్యులకు నా మనవి: మీ కాగితాల నకళ్ళు ఇంట్లోవారికి చూపించి, ఎక్కడున్నాయో చెప్పి ఉంచండి. కుటుంబ పింఛను కోసం మన సంఘం గుమ్మం ఎక్కిన ఆడపడుచు అర్జీని మరుసటి వారానికి వాయిదా వేయకండి.