ఆకుచెత్త శిలీంధ్రాల అన్వేషణ: రాప్తాడు మెట్ట

రాలిన ఆకులు, ఎండుపుల్లలు, కూలిన మానుల మీద బతుకుతూ వాటిని మెల్లగా మట్టిలో కలిపే శిలీంధ్రాలను పూతికాహారులు అంటారు. వీటిని వెతికి, గుర్తించి, జాబితా రాయడం తడి అడవుల్లో సాగినంత సులువుగా అనంతపురం పీఠభూమిలో సాగదు. ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలలది. మిగతా కాలమంతా అనంతపురం దగ్గరి రాప్తాడు చుట్టుపక్కల తుమ్మ, వేప, సీతాఫలం ఆకులు కుళ్లవు, ఎండి పెళుసెక్కి పొడవుతాయి.

ఇలాంటి నేలలో చెత్తను అరిగించే పని చాలావరకు చెదలది. ఒడొంటోటర్మీస్ ప్రజాతి చెదలు ఎండుపుల్లలను నమిలి పుట్టలోకి చేర్చి, రెట్టతో స్పంజిలాంటి గూళ్లు కట్టి, వాటి మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతాయి. కలపలోని గట్టి లిగ్నిన్‌ను విడగొట్టడంలో ఆ శిలీంధ్రానికి ముఖ్య పాత్ర ఉంది. బయట ఎంత ఎండ కాసినా పుట్ట లోపల తేమ నిలిచి ఉంటుంది. మంచి వాన పడ్డాక పొడవాటి వేరులాంటి కాడతో గొడుగులు నేల చీల్చుకుని లేస్తాయి. పుట్టగొడుగు అన్న మాటలో పుట్ట ఊరికే చేరలేదు.

దక్షిణ భారతంలో చెదల శిలీంధ్రాల పరిశీలనకు తొలి లిఖిత ఆధారాల్లో ఒకటి యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ రాసినది. లిన్నేయస్ శిష్యుడైన ఈయన 1768లో వైద్యుడిగా తరంగంబాడి చేరాడు. చెదల గూళ్లనూ వాటిలో పెరిగే శిలీంధ్రాన్నీ వర్ణిస్తూ 1779లో వ్యాసం ప్రచురించాడు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. అంతకుముందు, 1771లోనే, లిన్నేయస్ భారతదేశం నుంచి ఒక శిలీంధ్రాన్ని వర్ణించాడు. దాన్ని ఇప్పుడు పొడాక్సిస్ పిస్టిల్లారిస్ అంటున్నారు. పొడి నేలల్లో, పుట్టల మీద రోకలిలా నిలబడే ఈ శిలీంధ్రం ఎండిపోయాక కూడా చాలాకాలం చెక్కుచెదరదు. టెర్మిటోమైసిస్‌కు మాత్రం 1942 వరకు ప్రత్యేక ప్రజాతిగా పేరు రాలేదు. ఆ పేరు పెట్టినవాడు ఫ్రాన్స్ శాస్త్రవేత్త రోజే హైమ్.

కంటికి కనిపించే గొడుగుల కథ ఇది. ఆకుల మీది సూక్ష్మ శిలీంధ్రాల లెక్క చాలా ఆలస్యంగా మొదలైంది. 1931లో బట్లర్, బిస్బీ వెలువరించిన భారత శిలీంధ్రాల జాబితా దేశానికంతటికీ పునాది. 1952లో సి.వి. సుబ్రమణియన్ గుంపెన ఆకుల మీద బెల్ట్రానియెల్లా అనే కొత్త ప్రజాతిని వర్ణించారు. 1971లో వచ్చిన ఆయన హైఫోమైసీట్స్ గ్రంథం ఆకుచెత్త పరిశోధకులకు చేతిపుస్తకమైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సి. మనోహరాచారి తెలుగునేల శిలీంధ్రాలపై దీర్ఘకాలం పనిచేశారు. కోస్తాలో గోదావరి, కృష్ణా డెల్టాల మడ అడవుల కుళ్లిన కలపను వి.వి. శర్మ, బి.పి.ఆర్. విట్టల్ పరిశీలించారు. అనంతపురానికి సంబంధించి పుల్లయ్య, యశోద 1989లో ప్రచురించిన జిల్లా వృక్షసంపద గ్రంథం మొక్కల గురించే అయినా ఈ పనికి అక్కరకొస్తుంది. రాలిన ఆకు ఏ చెట్టుదో తేలకపోతే దాని మీది శిలీంధ్రం వివరం సగమే.

పద్ధతి చూడ్డానికి సాదాగా ఉంటుంది. ఆకులు, పుల్లలను కాగితపు సంచుల్లో తెచ్చి, తడిపిన అద్దుడు కాగితం పరిచిన గాజు పళ్లెంలో మూసిపెడతారు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా అప్పుడప్పుడు తెరిచి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఎండలో నిద్రాణంగా ఉన్న శిలీంధ్ర బీజాలు తేమ తగిలి మొలుస్తాయి కాబట్టి మెట్టప్రాంతాలకు ఇది బాగా పనికొస్తుంది. అయితే ఒక చిక్కుంది. పళ్లెంలో మొలిచిందల్లా బయట పనిచేస్తోందని చెప్పలేం, గాలికి వచ్చి వాలిన బీజం కూడా అక్కడ మొలుస్తుంది. అందుకే 1994లో బిల్స్, పాలిషుక్ ఆకులను మెత్తగా నూరి, బీజాలు పోయేలా కడిగి, మిగిలిన నలుసుల నుంచి శిలీంధ్రాలను పెంచే పద్ధతిని వాడారు. ఇక గుర్తింపుకు వస్తే, 2012 నుంచి ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం శిలీంధ్రాలకు అధికారిక గుర్తింపు పట్టీగా చెలామణి అవుతోంది.

మెట్టలో సేకరణకు అనువైన సమయం మంచి వాన కురిసిన తర్వాతి రోజులు. చెదలు విడిచిపెట్టిన పుట్టలనూ అప్పుడే చూడాలి. కాపలా లేని గూళ్ల మీద జైలేరియా నైగ్రిపీస్ అనే శిలీంధ్రం నల్లని కాడలుగా పైకి వస్తుంది.