చందాకి రిటర్న్ ఏంటి?

2023లో టోక్యోలోని జాతీయ సైన్స్ మ్యూజియం, కరెంటు ఖర్చులు పెరిగి నమూనాల్ని కాపాడుకోలేక, క్రౌడ్‌ఫండింగ్‌కి దిగింది. 90 కోట్ల యెన్‌లకు పైగా వచ్చాయి. ఇచ్చినవాళ్లకు ప్రత్యేక పుస్తకాలు, తెరవెనక గదుల టూర్లు.

మాది ఖాజీపేట. నాకు వెంటనే కడప బ్రౌన్ గ్రంథాలయం గుర్తొచ్చింది. 1820ల్లో సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, సొంత ఖర్చుతో పండితుల్ని పెట్టి, తాళపత్రాల్లోని కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి చందాలడిగి గ్రంథాలయం కట్టించారు. గుడికి ఫ్యానిచ్చి రెక్కల మీద పేరు రాయించుకునే ఊళ్లు మావి. పుస్తకాలకు అడగడం ఎంత కష్టమో!

కట్టడానికి ఒకసారి అడగొచ్చు. నడపడానికి ఏటేటా ఎవర్ని అడుగుతాం? టోక్యో మ్యూజియం అడిగింది ఆ నడిపే ఖర్చే, కానుక చేతిలో పెట్టి మరీ. మన గ్రంథాలయం చివరికి యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికెళ్లింది.